పాత గడ్డి కత్తిరింపు యంత్రం కొనేముందు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రైతులు చూడవలసినవి

వేరుశనగ నూర్పిళ్లు ముగిసి, కాయ మార్కెట్టుకు, కట్టె వామికి చేరిన తరువాత ఈ ప్రాంతపు రైతు చేతిలో కొద్దిగా డబ్బు ఆడుతుంది. పాత గడ్డి కత్తిరింపు యంత్రాల బేరాలు ఊపందుకునేది ఆ రోజుల్లోనే. అంగడివారు చాఫ్ కట్టర్ అనీ, ఊళ్లో గడ్డి మిషను అనీ పిలిచే ఈ సరుకుకు బెల్లానికీ, చింతపండుకూ ఉన్నట్టు హిందూపురం యార్డులో పాట లేదు. పట్టుగూళ్లకు ఉన్నట్టు రోజువారీ ధర పలకదు. అమ్మేవారు చెప్పినదే ధర, కొనేవారు బేరమాడినదే తగ్గింపు. పాల పశువులను అమ్మివేసి కొట్టం ఖాళీ చేసినవారి వద్ద, మోటారు మెకానిక్కుల వద్ద, పాత ఇనుము అంగళ్లలో ఈ యంత్రాలు కనిపిస్తుంటాయి. రెండు మూడు పశువులు గల రైతుకు కొత్తది భారమనిపించి పాతదాని వైపు చూడడం సహజమే. అయితే పాత యంత్రంలో డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. చెయ్యి పోతే రాదు. ఈ వ్యాసంలో ఆ రెండూ చెప్పవలసి ఉన్నది.

విదేశీ యంత్రం, మన వామి

అమెరికా, ఐరోపా దేశాలలో ఎండుగడ్డి తయారు చేసుకునే రైతులు మోవర్ కండిషనర్ అనే యంత్రాన్ని వాడతారు. చిన్న కమతాలవారు దానిని పాతది చూసి కొంటారు. అది లూసర్న్ వంటి పైరును కోస్తూనే రెండు రోలర్ల మధ్య కాడలను నలిపి నేలపై వరుసగా వదులుతుంది. ఆకు త్వరగా ఎండుతుంది, కాడ ఆలస్యంగా ఎండుతుంది. కాడ కోసం ఆగితే ఆకు పొడి అయి రాలిపోతుంది. కాడను నలిపితే రెండూ దగ్గర దగ్గరగా ఎండుతాయి. వాన మబ్బులు వెంటాడే ఆ దేశాలలో ఒక్క రోజు కలిసివచ్చినా లాభమే.

మనకు ఎండకు కొదవ లేదు. ట్రాక్టరుకు తగిలించి లాగించే అంత యంత్రం తిరగడానికి గట్లతో చీలిన మన మళ్లలో చోటూ లేదు. కానీ ఆకు రాలే నష్టం మాత్రం మనకూ ఉన్నది. వేరుశనగ కట్టెలో బలమంతా ఆకులోనే ఉన్నది. చెట్లను రోజుల తరబడి ఎండలో విడిచిపెడితే కాయ కోసేటప్పుడు ఆకు పిండి అయి కళ్లంలో కలిసిపోతుంది, వామికి పుల్లలే చేరతాయి. తొందరపడి పచ్చి కట్టెను వామి వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. బూజు పట్టిన కట్టెలో పుట్టే అఫ్లటాక్సిన్ విషం ఎంత పదునైన కత్తితో తరిగినా పోదు. అందుచేత యంత్రం సంగతి ఆలోచించే ముందు వామి నడుమ చెయ్యి పెట్టి చూసుకోవాలి. వెచ్చగా తగిలినా, ముక్క వాసన వచ్చినా ఆ సంవత్సరం ఖర్చు పెట్టవలసినది యంత్రం మీద కాదు, వామి కింద ఎత్తు మీద, పైన కప్పు మీద.

మేత మంచిదై ఉండి, పశువులు ఆకు ఏరుకుని కాడను తొక్కి పారవేస్తుంటే అక్కడ కత్తిరింపు యంత్రానికి పని ఉన్నది.

ముందు లెక్క, తరువాత బేరం

ఒక వారం రోజులు పొద్దున వేసిన మేతను తూచండి, మరునాడు గాటిపాట్లో మిగిలినదాన్ని తూచండి. ఇంతకంటే మంచి లెక్క ఏ అంగడివారూ చెప్పలేరు. ఉదాహరణకు రెండు ఆవులకు కలిపి రోజుకు 12 కిలోల ఎండుమేత వేస్తే 3 కిలోలు మిగిలిపోతున్నదనుకుందాం. కత్తిరించి వేస్తే ఆ మూడింటిలో రెండు కిలోలు పశువు కడుపులోకి పోతాయనుకుంటే ఏడాదికి 730 కిలోలు మిగులుతుంది. మేత కిలో 8 రూపాయలని లెక్క వేసుకుంటే 5,840 రూపాయలు. ఎనిమిది రూపాయలన్నది లెక్క కోసం చెప్పినదే. మీ ఊళ్లో ఆ నెలలో ట్రాక్టరు లోడు ఎంతకు దిగుతున్నదో ఆ ధర వేసుకోండి. కరువు ఏడాది ఈ లెక్క తారుమారవుతుంది. దూరం నుండి వరిగడ్డి తెప్పించుకున్నప్పుడు గుప్పెడు గడ్డి కూడా ఖరీదే.

ఖర్చు వైపు చూస్తే, రెండు అశ్వశక్తుల మోటారు సుమారు ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది. రోజుకు అరగంట నడిస్తే ముప్పాతిక యూనిట్టు, ఏడాదికి 274 యూనిట్లు. కత్తులు సాన పట్టించడం, బెల్టు, గ్రీజు దీనికి అదనం. ఇవన్నీ తీసివేయగా మిగిలినదే అసలు ఆదా. పాత యంత్రం ధర, దానికి పెట్టవలసిన మరమ్మతు, ఇంటికి చేర్చే బాడుగ మూడూ కలిపి రెండేళ్ల ఆదాకు మించితే ఆ బేరం వదులుకోవడమే మేలని నా అభిప్రాయం. ఒకే ఆవు ఉన్నవారికి చాలాసార్లు ఈ లెక్క కుదరదు. వారికి చేతితో తిప్పే చక్రం గానీ, పక్క ఇంటివారితో పొత్తు గానీ మంచిది.

యంత్రం వచ్చాక పశువు ఎక్కువ తింటుంది, ఎంపిక లేకుండా తింటుంది. ఇందులో ఒక ప్రమాదం కూడా ఉన్నది. లేత జొన్న, వానలేక వాడిన జొన్నలో నాము విషం ఉంటుంది. తరగనప్పుడు పశువు వదిలివేసే భాగాన్ని కూడా తరిగితే తినివేస్తుంది. కత్తిరింపు ఆ విషాన్ని తీసివేయదు. వాడిన లేత పైరును కోసి తెచ్చి అప్పటికప్పుడు తరిగి వేయకూడదు.

ఊరును బట్టి మేత, మేతను బట్టి యంత్రం

ఈ మూడు పట్టణాలూ గుంతకల్లు నుండి బెంగుళూరు పోయే ఒకే రైలు మార్గం మీద ఉన్నా, వాటి చుట్టుపక్కల దొడ్లలో మేత ఒక్కటి కాదు. హిందూపురం వైపు రాగి గడ్డి ఎక్కువ. బోర్ల కింద మొక్కజొన్న, నేపియర్ గడ్డి వేస్తారు. పట్టుపురుగులు పెంచే ఇళ్లలో ఆకు తినగా మిగిలిన మల్బరీ కొమ్మలు కూడా పశువుల ముందుకు వస్తాయి. పెనుకొండ మెట్ట పొలాలలో వేరుశనగ కట్టె, జొన్న చొప్ప. ధర్మవరం వైపు మెట్టన వేరుశనగ, కంది, చెరువు ఆయకట్టులో నీరున్న ఏడాది వరిగడ్డి.

రాగి గడ్డి, వరిగడ్డి సన్నగా, నునుపుగా ఉంటాయి. రోలరు పళ్లు అరిగి ఉంటే ముందుకు పోకుండా జారుతాయి. కత్తి మొద్దుబారి ఉంటే తెగకుండా మడిచిపెట్టుకుని వస్తాయి. వేరుశనగ కట్టె తెగడం సులభమే గాని, దానితో వచ్చే మట్టి కత్తికి శత్రువు. చెట్టును వేళ్లతో సహా పెరుకుతాము గదా! వేళ్లలో చిక్కుకున్న ఎర్రమట్టి, చిన్న గులకరాళ్లు పోయి కత్తి అంచును నములుతాయి. కట్టెను రెండుసార్లు దులిపి వేసేవారి కత్తికీ, మోపును యథాతథంగా తోసేవారి కత్తికీ తేడా పది రోజుల్లో తెలుస్తుంది. కంది కట్టె, ముదురు మల్బరీ కొమ్మ ఈ యంత్రానికి తగిన మేత కాదు. చిటికెన వేలి కంటే లావు కొమ్మను చిన్న యంత్రంలో తోస్తే గేరు పళ్లు ఊడతాయి. అటువంటి ఇంటి నుండి వచ్చిన యంత్రమని తెలిస్తే గేరు పెట్టె తెరిచి చూడనిదే ధర మాట్లాడవద్దు.

చూడబోయేటప్పుడు

అమ్మేవారు యంత్రాన్ని నడిపి చూపడానికి లేత నేపియర్ గడ్డి సిద్ధంగా పెట్టుకుంటారు. లేత పచ్చిగడ్డిని ఎంత మొద్దు కత్తి అయినా తెంచుతుంది. మీ వామి లోని ఎండు మేత ఒక మోపు గోతాంలో కట్టుకుని వెంట తీసుకుపోండి. దానితో పాటు ఒక స్పానరు, టార్చిలైటు, సీసాలో కొద్దిగా కిరోసిన్ లేదా డీజిలు, సుద్దముక్క, ఒక పాత దినపత్రిక. ఇవి చాలు. పగటి వెలుతురులోనే చూడాలి.

రంగు చూసి మోసపోవద్దని అందరికీ తెలుసు, అయినా మోసపోతాము. ఈ వ్యాసకర్త కూడా ఒకసారి మెరిసే పచ్చరంగు చూసి ఒక యంత్రం కొన్నాడు. మూడవ నాటికి పై రోలరు రాగి గడ్డిని లాగడం మానివేసింది. అరిగిన పళ్ల మధ్య రంగు దట్టంగా నింపి ఉన్నదని గోటితో గీకినప్పుడు గాని తెలియలేదు. అప్పటి నుండి, రంగు వేయక మురికిగా, గ్రీజుతో ఉన్న యంత్రమంటేనే నాకు నమ్మకం. గ్రీజు ఉన్నదంటే ఎవరో దానిని చూసుకున్నారన్నమాట.

కత్తి, దాని ఎదుటి పట్టీ

మోటారు స్విచ్చి తీసి, ప్లగ్గు ఊడబెరికి, దానిని మీ జేబులోనో చేతిలోనో పెట్టుకున్న తరువాతే యంత్రం నోటి దగ్గరకు పోవాలి. పెద్ద చక్రం చువ్వలకు రెండు గాని, మూడు గాని కత్తులు బోల్టులతో బిగించి ఉంటాయి. నోటి అంచున కదలకుండా ఉండే ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది. కత్తెరకు రెండు రెక్కలు ఎలాగో, దీనికి ఈ కత్తి, ఆ పట్టీ అలాగు. కొనేవారందరూ కత్తి పదును చూస్తారు, పట్టీని చూసేవారు తక్కువ. పట్టీ అంచు గుండ్రంగా అరిగి ఉంటే ఎంత కొత్త కత్తి వేసినా గడ్డి నలుగుతుంది గాని తెగదు.

చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ దినపత్రిక కాగితాన్ని ఆ రెంటి మధ్య పెట్టించి చూడండి. కాగితాన్ని పొడుగాటి ముక్కగా తీసుకుని కొస దూరంగా పట్టుకోవాలి, వేళ్లు దగ్గరకు పోకూడదు. కత్తి ఈ చివర నుండి ఆ చివర దాకా కాగితాన్ని శుభ్రంగా కోస్తే సరే. ఒక చివర కోసి మరొక చివర మడతపెడితే కత్తి సర్దుబాటు తప్పిందని గాని, చక్రం ఇరుసు వంగిందని గాని అర్థం. సర్దుబాటు అయితే స్పానరుతో పావుగంట పని. ఇరుసు అయితే లేతు మీదికి పోవలసిందే. ఏదో తెలుసుకోవడానికి చక్రం అంచుకు ఎదురుగా ఒక పుల్ల నిలబెట్టి చక్రాన్ని తిప్పండి. అంచు పుల్లకు దగ్గరై దూరమై ఊగుతుంటే ఇరుసో, చక్రమో వంకర.

కత్తులు విప్పించి రెండింటినీ తూకం వేయించండి. విప్పనివ్వకపోతే అదే ఒక జవాబు. ఒకటి పాతది, మరొకటి కొత్తది వేసి ఉంటే బరువులో తేడా వచ్చి చక్రం అదురుతుంది, ఆ అదురుకు బేరింగులు, పునాది బోల్టులు వదులవుతాయి. పదును పట్టీ పట్టీ కత్తి అంచు బోల్టు రంధ్రం దగ్గరకు వచ్చి ఉంటే ఇక దానికి ఆయుష్షు లేదు. అంచు నీలం రంగుకు తిరిగి ఉంటే కరెంటు సానమీద నీళ్లు తగిలించకుండా పట్టి పానం పోగొట్టారన్నమాట. అది వారం కూడా పదును నిలుపుకోదు. ఒక కత్తి విరిగితే రెండవదానితోనే నడిపించేవారూ ఉన్నారు. రోలర్లు ఒక చుట్టుకు రెండు అంగుళాల గడ్డి తోస్తే రెండు కత్తులకు అంగుళం ముక్క, ఒకటే కత్తికి రెండంగుళాల ముక్క వస్తుంది. ముక్క పొడవు చూస్తేనే ఈ సంగతి బయటపడుతుంది. పశువులకు అంగుళం, అంగుళంన్నర ముక్క సరిపోతుంది. మరీ పిండిలాగ తరిగి వేస్తే నెమరు తగ్గుతుంది, పాలలో వెన్న కూడా తగ్గుతుంది. సన్నగా తరుగుతుందని అమ్మేవారు గొప్ప చెబితే అది గొప్ప కాదు.

పోత ఇనుము పగుళ్లు

చక్రం పోత ఇనుముది. దానిని స్పానరుతో మెల్లగా తట్టితే గంట మోగినట్టు మోగాలి. పగిలిన కుండ శబ్దం వస్తే అనుమానించాలి. అనుమానమున్న చోట కిరోసిన్ రాసి, కాసేపు ఆగి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపలికి దిగిన నూనె బయటికి ఊరి సుద్దమీద తడి గీత పడుతుంది. చువ్వ మొదట్లో, ఇరుసు రంధ్రం చుట్టూ, కత్తి బోల్టుల దగ్గర తప్పక చూడాలి. చక్రానికి వెల్డింగు అతుకు కనిపిస్తే ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. తిరిగే చక్రం నుండి ఊడిన ఇనుము ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

చేతితో తిప్పే చక్రానికి మోటారు తగిలించి అమ్మే రకం ఒకటి ఉన్నది. చక్రం అంచున పిడి బిగించిన పాత రంధ్రం కనిపిస్తే అది ఆ జాతిదే. దానిలో తప్పు లేదు గాని, వేగం చూసుకోవాలి. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరిగేదై, దాని పుల్లీ 3 అంగుళాలు, చక్రం పుల్లీ 18 అంగుళాలు అయితే చక్రం 240 చుట్లు తిరుగుతుంది. పని త్వరగా కావాలని మోటారుకు 5 అంగుళాల పుల్లీ వేస్తే అదే చక్రం 400 చుట్లు తిరుగుతుంది. మనిషి చెయ్యి తిప్పే నిదానానికి పోసిన ఇనుము ఆ వేగానికి తట్టుకోవలసిన అగత్యం లేదు. టేపుతో రెండు పుల్లీలు కొలిచి ఈ లెక్క అక్కడే వేసుకోండి.

రోలర్లు, గేర్లు

చక్రాన్ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండవ చేత్తో కింది రోలరును ముందుకు వెనక్కు ఆడించండి. కొద్దిగా ఆట ఉండడం సహజం. అంగుళం మేర ఆడితే గేరు పళ్లు అరిగినట్లే. మూత తెరిచి పళ్ల కొసలు కత్తిలాగ సన్నబడ్డాయేమో టార్చిలైటు వేసి చూడాలి. పై రోలరును గడ్డి మీద అదిమి పట్టే స్ప్రింగులు రెండు పక్కలా ఒకే బిగువులో ఉండాలి. స్ప్రింగు పోయి దాని బదులు తాడుకు రాయి కట్టి వాడిన యంత్రాలు కూడా అమ్మకానికి వస్తాయి. రాయి తప్పు కాదు, స్ప్రింగు ధర బేరంలో తగ్గించుకోవాలి.

విడిభాగాల సంగతి అడగకుండా కొనకూడదు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుండి కార్లు తయారై బయటికి వస్తున్నాయి. అయినా పేరులేని గడ్డి మిషనుకు గేరు విరిగితే ఆ కొలత గేరు కోసం ఊరూరా తిరగవలసి వస్తుంది. యంత్రం మీద తయారీదారు ప్లేటు ఉంటే ఆ పేరు, మోడలు రాసుకుని, కొనకముందే హిందూపురంలోనో ధర్మవరంలోనో విడిభాగాలు అమ్మే అంగడిలో ఒకసారి అడిగిరండి.

ఒక్క పిడి

ఇంతవరకు చెప్పినవన్నీ డబ్బుకు సంబంధించినవి. ఇది చేతికి సంబంధించినది. మంచి యంత్రానికి నోటి పక్కన ఒక పిడి ఉంటుంది. దానిని ఒక వైపు తోస్తే రోలర్లు గడ్డిని లోపలికి లాగుతాయి, నడుమ పెడితే ఆగుతాయి, రెండవ వైపు తోస్తే గడ్డిని వెనక్కు కక్కుతాయి. గడ్డిని తోసే మనిషి చెయ్యి గాని, గాజు గాని, కొంగు గాని రోలరులో చిక్కిన క్షణాన ప్రాణాధారం ఈ పిడే. స్విచ్చి ఆపినా పెద్ద చక్రం తన బరువుకు తాను మరికొన్ని చుట్లు తిరుగుతూనే ఉంటుంది.

పాత యంత్రాలలో మొట్టమొదట పనిచేయడం మానేది ఈ పిడే. తుప్పు పట్టి బిగుసుకుంటుంది, లేదా మాటిమాటికీ తనంతట జారుతున్నదని ఎవరో తీగతో కట్టివేసి ఉంటారు. యంత్రం నడుస్తుండగా అమ్మేవారినే నిలబెట్టి, ఎండు మేత నోట్లో ఉండగా, పిడిని నడుమకూ వెనక్కూ వేయమనండి. మూడుసార్లూ గడ్డి ఆగి వెనక్కు రావాలి. తోసే మనిషి నిలబడే చోటు నుండి చెయ్యి చాపకుండానే పిడి అందాలి. అవతలి పక్కకు పోయి అందుకోవలసిన పిడి ఉన్నా లేనట్లే.

తరువాత తొట్టి పొడవు. యంత్రం ఆపి, తొట్టి కొసన నిలబడి, చెయ్యి పూర్తిగా లోపలికి చాపి చూడండి. వేళ్లు రోలర్లను తాకుతుంటే తొట్టి పొట్టిది. రోలరు ముందు భాగాన పైకప్పు రేకు ఉండాలి, ఉండి ఊడదీసిన బోల్టు రంధ్రాలు కనిపిస్తే ఆ రేకు ఎక్కడున్నదో అడగాలి. పెద్ద చక్రానికి, బెల్టుకు కూడా రేకు మూతలు ఉండాలి. కత్తులు మార్చడం సులువని మూతలు తీసి మూల పడవేయడం మన దగ్గర అలవాటు.

వ్యవసాయ యంత్రాలలో చేతులు పోవడం చూసే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం చేసింది. ధాన్యం నూర్చే పవర్ థ్రెషర్లు దానికి ముఖ్య కారణం. గడ్డి కత్తిరింపు యంత్రాలకు కూడా భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణాలు ఏర్పరచింది. కాని పది చేతులు మారిన యంత్రానికి ఏ ముద్ర ఉన్నా ఊడదీసిన మూత తిరిగి రాదు. పైగా ఈ పని చేసేది చాలా ఇళ్లలో ఆడవారు, పొద్దుగూకిన తరువాత, పిల్లలు పక్కన తిరుగుతుండగా. బేరానికి మగవారు ఒక్కరే పోవడం నాకు సమ్మతం కాదు. రోజూ దాని ముందు నిలబడే అక్కనో, వదిననో, ఇల్లాలినో వెంట తీసుకుపోయి, పిడి ఆమె చేతికి అందుతున్నదా, ఆమె బలానికి కదులుతున్నదా చూడాలి. పిడి పనిచేయకపోతే, బాగుచేసి చూపిన తరువాతే మిగతా మాట. బాగుచేయడానికి వీలులేని రకమైతే లేచి వచ్చేయడమే.

మోటారు

మోటారు విడిగా మరొకరి వద్ద నుండి తెచ్చి తగిలించినది కావచ్చు, అది తప్పు కాదు. ప్లేటు మీద అశ్వశక్తి, ఆంపియర్లు రాసి ఉంటాయి. మెకానిక్కు వద్ద ఉండే క్లాంప్ మీటరుతో, ఎండు మేత నోటినిండా పెట్టి నడుస్తుండగా ఆంపియర్లు చూపించమనండి. ప్లేటు మీది అంకె దాటి లాగుతుంటే మోటారు వైండింగు చెడినదో, యంత్రం బిగుసుకున్నదో అయి ఉండాలి. బెల్టు విప్పి మోటారును ఒంటరిగా తిప్పితే ఏదో తేలిపోతుంది. పావుగంట నడిచాక మోటారు వద్ద కాలిన లక్క వాసన వస్తే తిరిగి చుట్టించే ఖర్చు ధరలోంచి తీసివేయాలి. వైండింగు రాగితీగా, అల్యూమినియమా అన్నది కూడా అడగండి. అమ్మేవారికి తెలియకపోతే చుట్టిన మెకానిక్కుకు తెలుస్తుంది.

ఇంటి దగ్గర సింగిల్ ఫేజు కరెంటు ఉండి, యంత్రానికి త్రీఫేజు మోటారు ఉంటే ఆ మోటారు మీకు పనికిరాదు. బోరు దగ్గర త్రీఫేజు వచ్చే వేళకు పచ్చి మేత అక్కడే తరుక్కుంటామనుకునేవారు వాననుండి కాపాడే కప్పు ఖర్చు కలుపుకోవాలి. ఎక్కడ బిగించినా ఎర్తు తీగ తప్పనిసరి. తడి గడ్డి, తడి చేతులు, ఇనుప యంత్రం ఉన్న చోట ఎర్తు లేకుండా నడపడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

తూచి చూడండి, తరువాత ధర

చివరి పరీక్ష మీ మోపుతోనే. 20 కిలోలు తూచి, గడియారం చూసి నడిపించండి. 4 నిమిషాల్లో అయితే గంటకు 300 కిలోల లెక్క. రెండు ఆవులకు ఇది అవసరానికి మించినదే. వేగం తక్కువైనా పరవాలేదు, ముక్కలన్నీ దాదాపు ఒకే పొడవున రావడం ముఖ్యం. పొడుగాటి పీచులు, తెగని ముడులు గుప్పెడు మించి వస్తే కత్తి దగ్గరకు తిరిగి పోవాలి.

ధర మాట్లాడే ముందు అదే రకం కొత్త యంత్రానికి ఒక అంగడి నుండి కొటేషను తెచ్చుకోండి. మీ ఊరి రైతు సేవా కేంద్రంలోనో, పశువైద్యశాలలోనో సబ్సిడీ యంత్రాలు ఉన్నాయేమో విచారించండి. సబ్సిడీ కొత్త వాటికే వర్తిస్తుంది, పాతదానికి రాదు. సబ్సిడీ పోను కొత్తదాని ధర, పాతదాని ధర దగ్గర పడితే పాతదాని కోసం తిరగడం వృథా. మరమ్మతులన్నీ కలిపి కొత్తదానిలో సగానికి మించితే నేనైతే పాతదాని జోలికి పోను. అమ్మేవారు సబ్సిడీ మీద తీసుకున్న యంత్రమైతే, దానిని అమ్మే హక్కు వారికి ఉన్నదో లేదో కాగితాలు చూపమనాలి. లోపాలు ఒక్కొక్కటిగా కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కదాని ఖర్చు మెకానిక్కుతో చెప్పించి బేరమాడితే మాట మాట పెరగదు. మొత్తం ఒకేసారి ఇవ్వకుండా, ఇంటి దగ్గర బిగించి ఒక వారం నడిచాక మిగిలినది ఇచ్చే ఒప్పందానికి నిజాయితీగా అమ్మేవారు సాధారణంగా ఒప్పుకుంటారు. రసీదు మీద మోటారు నంబరు, అమ్మినవారి సంతకం, తేదీ ఉండాలి.

టెంపోలో ఎక్కించే ముందు కత్తులు విప్పి, గోనెసంచిలో చుట్టి, డ్రైవరు పక్కన పెట్టించండి. చక్రాన్ని తాడుతో చట్రానికి కట్టివేయాలి. దారిలో గుంత తగిలి చక్రం తనంతట తిరిగితే పైన కూర్చున్నవారికి ప్రమాదం. ఇంటి వద్ద సిమెంటు దిమ్మె వేసి బోల్టులు పాతినాక ఆరు రోజులైనా నీళ్లు పోసి ఆరనిచ్చి, ఆ తరువాతే కత్తులు బిగించాలి.